కాగితం కోసం పోసిన పురుడు

మా అమ్మ జన్మలో చేసిన పెద్ద తప్పు పురిటికి పుట్టింటికి వెళ్ళడం. ఒకసారి అన్నయ్యను కనడానికి వెళ్ళింది, ఇంకోసారి నన్ను కనడానికి. అది తప్పని మా నాన్న ఇరవై ఏళ్ళ తర్వాత కనిపెట్టాడు. కనిపెట్టిన రోజు నుంచి ఆమెను కంచం ముందు కుదురుగా కూర్చోనివ్వలేదు.

మాది శ్రీకాకుళం జిల్లా అని చెప్పుకుంటాం. అమ్మమ్మ ఊరు ఆమదాలవలసకు దగ్గర. నేను అక్కడ పుట్టి, మూడో నెలలో అమ్మ ఒళ్ళో పడుకుని భిలాయి వచ్చేశాను. పలక పట్టింది భిలాయిలో, తిట్లు నేర్చుకున్నది భిలాయిలో. అన్నయ్యా నేనూ పోట్లాడుకునేది హిందీలోనే, తీర్పు కోసం అమ్మ దగ్గరికి వెళ్ళాకే తెలుగు. అయినా ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే అందరం అమ్మమ్మ ఊరి పేరే చెప్పేవాళ్ళం. మేమే కాదు, మా క్యాంప్ 2 బస్తీలో ఉన్న మనవాళ్ళందరూ అంతే. పళ్ళూడేదాకా ఉక్కు ప్లాంటు పొగ పీల్చినవాడు కూడా తనది చీపురుపల్లి అనో బొబ్బిలి అనో అంటాడు గానీ భిలాయి అని చచ్చినా అనడు. అలా అంటే ఊరూ పేరూ లేనివాడనుకుంటారని భయం.

నాన్న ప్లాంటు కట్టే రోజుల్లో వచ్చాడు, ఒక ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, దగ్గర కూలీగా. లోపలికి పోవాలంటే గేట్ పాస్ కావాలి. అరచేతిలో పట్టే అట్టముక్క. అది ఉంటే పని, లేకపోతే గేటు బయట నిలబడి కాపలావాళ్ళ బూట్లు చూసుకోవడం. ఆ పాస్ ఠేకేదారే ఇప్పించాలి, ఠేకేదారే పొడిగించాలి. ఆ మహానుభావుడు మన వైపువాడే, నాన్నకు దూరపు చుట్టం కూడానట. అందుకే భయం ఇంకా ఎక్కువ. ఎవరైనా కాస్త గొంతు పెంచితే, "ఏదీ నీ పాస్ ఇలా ఇయ్యి" అని తీసుకుని చొక్కా జేబులో వేసుకునేవాడట. తిరిగి ఇచ్చేదాకా ఆ మనిషి ఆయన అరుగు కింద కూర్చోవాలి. నాన్న కూర్చున్నాడు. అమ్మ ఆ సంగతి ఎత్తినప్పుడల్లా నాన్న లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

తర్వాత నాన్నను బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పర్మనెంటు చేశారు. క్యాంప్ 2 రేకుల ఇల్లు వదిలి రుఆబాంధా సెక్టారులో ప్లాంటు క్వార్టరుకు మారాం. కుళాయి ఇంట్లోనే. అమ్మ వారం రోజులపాటు అవసరం లేకపోయినా దాన్ని తిప్పి చూసుకునేది. పర్మనెంటు అన్న మాట మా ఇంట్లో రోజూ వినపడేది. సంబంధం మాట్లాడినా, జ్వరం వచ్చినా, కూర మాడినా, "మనకేటి, పర్మనెంటు" అనేవాడు నాన్న.

అన్నయ్యను బడిలో వేసిన రోజు సంగతి నాన్నే గొప్పగా చెప్పేవాడు. మాస్టారు పుట్టిన ఊరు ఏదని అడిగాడట. నాన్న ఊరి పేరు, తాలూకా, జిల్లా వరసగా అప్పజెప్పాడు. ఆ పేర్లు హిందీలో రాయడం చేతకాక ఆ మంచి మనిషి, "భిలాయి లిఖ్ దూఁ?" అన్నాడు. భిలాయి అని రాసేయనా అని. మా నాన్నకు పౌరుషం పొడుచుకొచ్చింది. మాకు ఊరు లేదనుకున్నావా అని దెబ్బలాడి, పక్కన నిలబడి, అక్షరం అక్షరం రాయించాడు. పక్కింటి బీహారీవాళ్ళు తమ పిల్లలందరికీ భిలాయి అని రాయించుకుని నోరు మూసుకుని వచ్చేశారు. వాళ్ళను చూసి నాన్న జాలిపడ్డాడు కూడా.

అన్నయ్య చదువు అయ్యేసరికి కాలం మారింది. స్థానికులకే ఉద్యోగాలు అన్న మాట గట్టిగా వినపడుతోంది. మమ్మల్ని పరదేశియా అనేవాళ్ళు. వాళ్ళను అని లాభం లేదు, ప్లాంటు లేచింది వాళ్ళ పొలాల మీదే. కోపం న్యాయమైందే. కానీ ఆ కోపాన్ని పట్టుకెళ్ళి ఆఫీసులో బల్ల వెనక కూర్చున్నవాడి చేతికిచ్చారు. అక్కడ అది కోపంగా ఉండలేదు, సరదాగా మారింది.

కావలసింది డొమిసైల్ అనే కాగితం. వీడు ఈ రాష్ట్రం మనిషే అని సర్కారు రాసిచ్చేది. అది ఉంటే ఉద్యోగాల ఆఫీసులో పేరెక్కుతుంది. పేరెక్కితే ప్లాంటు నుంచి పిలుపొస్తుంది. పిలుపొస్తే పర్మనెంటు. అది లేకపోతే గేట్ పాస్, ఠేకేదారు జేబు, అరుగు కింద కూర్చోవడం.

నాన్న చలవ చొక్కా వేసుకుని అన్నయ్యను వెంటబెట్టుకు వెళ్ళాడు. బల్ల వెనక గుమాస్తా పాన్ నములుతూ బడి కాగితం చదివాడట. పుట్టింది ఆంధ్రాలో, ఉద్యోగం ఇక్కడా అన్నాడట. నాన్న తనకొచ్చిన హిందీలో మా ఆచారం వివరించాడు. తొలి కాన్పుకీ మలి కాన్పుకీ ఆడపిల్ల పుట్టింటికి వెళ్తుందని, పిల్లవాడు పుట్టిన మూడో నెలకే ఇక్కడికి వచ్చేశాడని. గుమాస్తా చాలా శ్రద్ధగా విన్నాడు. విని, వెనక్కి తిరిగి, గదిలో ఉన్న మిగతావాళ్ళను పిలిచాడు.

"సునో భాయీ, ఇస్‌కీ బీవీ బచ్చా దేనే ఆంధ్రా గయీ థీ!"

వీడి పెళ్ళాం పిల్లల్ని కనడానికి ఆంధ్రా వెళ్ళిందట అనేసరికి గదంతా నవ్విందట. నవ్వు అయ్యాక కాగితం వెనక్కి తోసి, పుట్టడానికి అక్కడికెళ్ళినవాడు ఉద్యోగం కూడా అక్కడే అడుక్కోవాలని చెప్పాడట. ఇదంతా అన్నయ్య చెప్పాడు. నాన్న మాత్రం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే, వంటింట్లో ఉన్న అమ్మ ముందు నిలబడ్డాడు.

"ఏటే, ఈడ ఆసుపత్రి నేదా? మంచం నేదా? మనుసులు నేరా? అక్కడికెల్లి కన్నావు?"

అమ్మకు ఏమీ అర్థం కాలేదు. చేతిలో అట్లకాడ ఉంది. "అప్పుడు మీరే కదా రైలెక్కించినారు?" అంది. ఆ మాటకు దెబ్బ తింది. నాన్న ఆమెను కొట్టడం నేను చూసింది అదొక్కసారే. కానీ ఆ ప్రశ్న మాత్రం వదల్లేదు. పప్పులో ఉప్పు తగ్గితే ఆ ప్రశ్న. అన్నయ్య ఖాళీగా కూర్చుంటే ఆ ప్రశ్న. ఆసుపత్రి లేదా, మంచం లేదా, మనుషులు లేరా. వినీ వినీ మా అందరికీ కంఠతా వచ్చేసింది.

అన్నయ్య నందిని గనుల్లో పనికి కుదిరాడు, ఠేకేదారు కింద, సున్నపురాయి ఎత్తే పని. గేట్ పాస్ మీద. సాయంత్రానికి కనుబొమలతో సహా తెల్లగా వచ్చేవాడు. రెండేళ్ళకు నా వంతు వచ్చింది. నర్సు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టాలని నాకు ప్రాణం కొట్టుకునేది. అదే ఆఫీసు, అదే బల్ల. నాన్న ఈసారి ఆచారం గురించి ఒక్క మాట మాట్లాడలేదు. గుమాస్తా ఆయన్ను గుర్తుపట్టి, "ఇస్‌కో భీ వహీఁ పైదా కియా?" అన్నాడు. దీన్ని కూడా అక్కడే కన్నారా అని. నేను అక్కడే ఉన్నాను. నన్ను ఎద్దు పళ్ళు చూసినట్టు చూశాడు. నాకు ఇప్పటికీ ఆ ముఖం మీద పేడ కొట్టాలని ఉంటుంది.

ఆ రాత్రి అన్నం దగ్గర అమ్మ ఒట్టేసింది. మా ముగ్గురి ముందూ, దీపం మీద చెయ్యి పెట్టి. "నా కడుపున పుట్టినోల్లు ఎలగూ పాడైపోనారు. ఈ ఇంట్లో ఇంక పుట్టీ బిడ్డ ఈడే పుట్టాల. దేవుడొచ్చి సెప్పినా సరే." నాన్న మొదటిసారి ఆమె మాటకు తలూపాడు. ఎన్నాళ్ళకో ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలకు ఒక విషయంలో పొత్తు కుదిరింది. ఆ పొత్తుకు బలి అయ్యే మనిషి అప్పటికింకా మా గడప తొక్కలేదు.

వదిన బొబ్బిలి దగ్గర పల్లె నుంచి వచ్చింది. సన్నగా, గట్టిగా ఉండేది. నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేది. హిందీ ఒక్క ముక్క రాదు. కూరగాయలవాడితో బేరం నేనే నేర్పాను. వారం తిరక్కుండా నన్ను మించిపోయింది. మాకిద్దరికీ బాగా కుదిరింది. మధ్యాహ్నాలు గుమ్మంలో కూర్చుని వాళ్ళమ్మ గురించి చెప్పేది. వాళ్ళమ్మ ఊళ్ళో మంత్రసాని లాంటిది, సగం ఊరికి పురుడు పోసిన చెయ్యి. "నా పురుడు మాయమ్మే పోస్తాది, నాకేటి బయం" అనేది.

పెళ్ళయిన ఏడాదికి ఆ తల్లికి పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. అదే సమయానికి వదిన నెల తప్పింది.

ఏడో నెలలో వాళ్ళ నాన్న వచ్చాడు. ఆచారం ప్రకారం కూతుర్ని పురిటికి తీసుకువెళ్ళడానికి. చీర, గాజులు, ఒక స్టీలు డబ్బాలో చలిమిడి. చలిమిడి తల్లి చేత్తో పెట్టాలి, కడుపు చల్లగా ఉండాలని. ఆమె లేవలేదు కాబట్టి, ఆమె మంచం మీద నుంచి చెబుతుంటే ఆయనే కలిపాడట. బెల్లం పాకం ముదిరి గట్టిగా అయిందని మొహమాటపడ్డాడు. ఆ పెద్దమనిషి మా వరండాలో కుర్చీ అంచు మీద కూర్చుని, అమ్మను చెల్లెమ్మా అని పిలిచి విషయం చెప్పాడు.

"మా ఇంటిది మంచం మీదుంది సెల్లెమ్మా. మాట సరిగ్గా రాదు. గుంట పేరు మాత్తరం పలుకుతాది. సెయ్యి ఆడకపోయినా పక్కన కూకుని ఎలగ సెయ్యాలో సెప్తానంటాది. పురుడు పోసి, పిల్లనీ బిడ్డనీ నానే తెచ్చి దింపుతాను."

అమ్మ తలుపుకు ఆనుకుని నిలబడి వింది. అంతా విని, మెల్లగా, దాదాపు మర్యాదగా అడిగింది.

"ఏటన్నయ్యా, ఈడ ఆసుపత్రి నేదా? మంచం నేదా? మనుసులు నేరా?"

మాట మా నాన్నది, గొంతు అమ్మది. ఇన్నేళ్ళు పడ్డ దాన్ని ఇంకొకరి మీదికి తోసేయడానికి ఆమెకు మనిషి దొరికింది. ఆయనకు అర్థం కాలేదు. అప్పుడు అమ్మ నన్ను చెయ్యి పట్టి వరండాలోకి లాగింది.

"దీన్ని సూడు. సదువుకున్న గుంట. నర్సు అవ్వాల్సింది. నాను పుట్టింటికెల్లి కన్నాను గనక ఇంట్లో అంట్లు తోముతోంది. నీ అల్లుణ్ణి సూడు, రాళ్ళు మోస్తన్నాడు. నా మనవడికి ఆ గతి వొద్దు."

నన్ను చూపించి వదినను ఆపారు. నాకు జరిగిన అన్యాయం నాదే, దాన్ని నేను ఎవరికీ అప్పు ఇవ్వలేదు. అయినా నా ముఖం అక్కడ సాక్ష్యంగా నిలబడింది. ఆయన నన్ను చూశాడు, జాలిగా. తన కూతుర్ని అడగడానికి వచ్చిన మనిషి నా మీద జాలిపడ్డాడు.

వదిన గోడ వెనక నుంచి ముందుకొచ్చింది. మా నాన్నతో నేరుగా మాట్లాడేది కాదు ఎప్పుడూ. ఆరోజు మాట్లాడింది. "కనీ ఏలకి ఈడికే వొచ్చీస్తాను మావయ్యా. ఒక్కపాలి అమ్మను సూసి వొచ్చీస్తాను. ఒక్క వారం."

"దార్లో నొప్పులొస్తే?" అన్నాడు నాన్న. "రైల్లో పుడితే ఏ ఊరని రాయించమంటావు?"

ఎవరూ నవ్వలేదు. ఆయన నవ్వించడానికి అనలేదు. నిజంగానే అదే బెంగ.

వదిన అన్నయ్య వైపు చూసింది. అప్పుడే నందిని నుంచి వచ్చాడు, కాళ్ళు కూడా కడుక్కోలేదు. మా అన్నయ్య చెడ్డవాడు కాదు. "గేట్ పాస్ బతుకు నాతో పోవాల" అని మాత్రం అన్నాడు. అని తల దించుకుని లోపలికి వెళ్ళిపోయాడు. అలాంటి మంచివాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

వాళ్ళ నాన్న భోజనం చేశాడు. పెట్టిందంతా తిన్నాడు, పాపం, వద్దంటే ఇంకా ఏం అంటారోనని. వెళ్ళేముందు డబ్బా మూత తీసి, చలిమిడి ముద్ద వదిన చేతిలో తనే పెట్టాడు. మగవాళ్ళు చేసే పని కాదది. వదిన గేటు దాకా వెళ్ళి, ఆయన సెక్టారు రోడ్డు మలుపు తిరిగేదాకా నిలబడింది. ఆ ముద్ద తినలేదు. వంటింటి గూట్లో పెట్టింది. అమ్మ చీమలు పడుతున్నాయని రెండుసార్లు అంది గానీ తీయలేదు. తీయడానికి ధైర్యం చాలలేదేమో.

నెలలు నిండాక ప్లాంటు ఆసుపత్రిలో కాన్పు అయింది. మగపిల్లవాడు. కాన్పు సుఖంగానే జరిగింది, ఆ డాక్టరమ్మను ఒక్క మాట అనడానికి లేదు. నాన్న వార్డులో బిడ్డను చూడటానికి ముందే పుట్టిన కాగితం ఎప్పుడిస్తారని అడిగాడు. కాగితం చేతికొచ్చిన రోజు పాలకోవా పేడాలు పంచాడు. అందులో భిలాయి అన్న చోట వేలు పెట్టి, వచ్చినవాళ్ళకల్లా చూపించాడు. అమ్మ దాన్ని దేవుడి పటం వెనక దాచింది.

ఆ వారంలోనే బొబ్బిలి వైపు మనిషి ఒకడు ప్లాంటులో నాన్నకు ఎదురుపడి, వదిన తల్లి పోయిందని చెప్పాడు. నాన్న అమ్మకు చెప్పాడు. ఇద్దరూ వంటింట్లో తలుపు దగ్గరగా వేసి మాట్లాడుకున్నారు. బాలింత, ఏడిస్తే పాలు ఎండిపోతాయి, బారసాల అయ్యాక చెబుదాం అనుకున్నారు. ఈ సంగతి నాకూ అన్నయ్యకూ కూడా అప్పుడు చెప్పలేదు, తర్వాతే తెలిసింది. ఆ రోజుల్లో అమ్మ వదినకు కాయం చేసి పెట్టేది, నలుగు పెట్టేది, తల తుడిచేది. ఆమెను అంత ప్రేమగా చూడటం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ ప్రేమే ఎక్కువ కంపరంగా ఉంటుంది.

ఇరవయ్యొకటో రోజు బారసాల. ఇంటినిండా జనం. ఉయ్యాల కట్టారు. పాట మొదలైంది. అప్పుడు గేటు చప్పుడైతే నేనే వెళ్ళి తీశాను. వదిన తమ్ముడు. గుండు.

కబురు అందే ఉంటుంది, ఎవరూ ఎందుకు రాలేదో కనుక్కుందామని వచ్చాడు. ఇంట్లో పాట వినపడేసరికి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఉయ్యాల దగ్గర కూర్చున్న వదిన తలెత్తి తమ్ముడి గుండు చూసింది. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"ఎప్పుడు?" అంది.

"నీకు కొడుకు పుట్టినాడని అమ్మకి సెప్పినాం. నవ్వింది. రెండ్రోజులకి పోనాది. నీకు తెలీదేటి అప్పా?"

పాట ఆగిపోయింది. వదిన అమ్మ వైపు తిరిగింది. "అత్తా, మీకు తెలుసా?"

"పాలు ఎండిపోతాయనేసి..." అంది అమ్మ.

వదిన ఉయ్యాల్లోంచి బిడ్డను తీసింది. అంతమంది ముందు, మగవాళ్ళున్నారని కూడా చూడకుండా, రొమ్ము తీసి బిడ్డ నోటికి అందించింది. వాడు గుటకలు వేశాడు. "ఎండనేదు, సూడండి" అంది. గొంతు పెంచలేదు. మగవాళ్ళు ఒక్కొక్కరే బయటికి జారుకున్నారు. ఆరోజు ఆమె ఏడవలేదు. ఆ తర్వాత మా ఇంట్లో చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వగా నేను చూడలేదు.

నన్ను పార్వతీపురంలో ఇచ్చారు. అక్కడివాళ్ళకు నేను హిందీ పిల్లను. నా మాటకు అత్తగారింట్లో పక్కవాళ్ళు కూడా వచ్చి నవ్వేవాళ్ళు. భిలాయిలో ఆంధ్రావాలీ, ఆంధ్రాలో హిందీ పిల్ల. ఏ ఊళ్ళో అడుగుపెట్టినా నేను అవతలి ఊరిదాన్నే.

నేను వెళ్ళిన కొంతకాలానికి నాన్న రిటైరయ్యాడు. రిటైరయితే క్వార్టరు ఖాళీ చేయాలి. ఆ సంగతి ఆయనకు మొదటి నుంచీ తెలుసు. అయినా సామాను రిక్షాలో ఎక్కిస్తుంటే ఎవరో మోసం చేసినట్టు ముఖం పెట్టాడట. మళ్ళీ క్యాంప్ 2కే వచ్చారు, రెండు గదుల అద్దె ఇంటికి. అన్నయ్యది ఇంకా గేట్ పాసే. ఇల్లు గడిచేది వదిన కుట్టు మిషను మీద. ప్లాంటు పనివాళ్ళు వేసుకునే చేతి తొడుగులు కుట్టి ఇచ్చేది. అమ్మ టీ పెట్టుకోవాలన్నా వదిన వైపు ఒకసారి చూసి పెట్టుకునేది. మిషను ఆగితే ఇంట్లో మాటలు కూడా ఆగేవి.

ఆ ఎండాకాలం నేను చూడటానికి వచ్చాను. అప్పటికి నాకు అయిదో నెల. ఆ మాట రాగానే చెప్పలేదు, సమయం చూసి చెబుదామనుకున్నాను. మేనల్లుణ్ణి బడిలో వేస్తున్నారు. ఇప్పుడే కాగితం తీయించి పెట్టేయాలని నాన్న పట్టుబట్టాడు. అన్నయ్య ఒకరోజు మానితే ఠేకేదారు ఊరుకోడు. నాన్నకు ఆ ఆఫీసు మెట్లెక్కే ఓపిక లేదు. కాబట్టి పిల్లవాణ్ణి తీసుకుని వదినా నేనూ వెళ్ళాం. వదిన పుట్టిన కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, చీర చెంగు కింద పట్టుకుంది. పిల్లవాడు దారంతా, "బువా, ఆఫీస్ మేఁ ఝూలా హై క్యా?" అని నన్ను వేధించాడు. అక్కడ ఉయ్యాల ఉంటుందనుకున్నాడు.

బల్ల వెనక ఈసారి కొత్తవాడు. కుర్రవాడు, మంచివాడు, దీదీ అంటూ కుర్చీ చూపించాడు. కాగితం తీసి చదివి పక్కన పెట్టాడు. తండ్రి డొమిసైల్ ఏదని అడిగాడు. లేదన్నాం. అయితే తాతది? లేదన్నాం. అప్పుడు అతను నిజంగానే బాధపడుతూ చెప్పాడు. పిల్లవాడు ఎక్కడ పుట్టాడన్నది తాము చూడమని, తండ్రి ఎక్కడివాడైతే బిడ్డా అక్కడివాడేనని, ఈ కాగితం ఇంట్లో పెట్టుకోవడానికి బాగుంటుందని.

వదిన హిందీ అప్పటికి నాకంటే బాగుంది. నిదానంగా అడిగింది, "ఔర్ అగర్ యే మేరీ మాఁ కే ఘర్ పైదా హోతా?"

మీ అమ్మగారింట్లో పుట్టినా ఇదే అయ్యేది దీదీ, ఏమీ తేడా లేదు, అన్నాడతను.

"కుఛ్ ఫరక్ నహీఁ?" అని మళ్ళీ అడిగింది.

"కుఛ్ నహీఁ."

ఆమె కాగితాన్ని మడతలు చెదరకుండా మళ్ళీ కవర్లో పెట్టుకుంది. బయటికొచ్చాక పిల్లవాడికి చెరుకురసం ఇప్పించింది. వాడి మూతి తుడిచింది. టెంపోలో ఇల్లు చేరేదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నాకు భయం వేసింది. ఏడిస్తే ఓదార్చేదాన్ని, తిడితే కలిసి తిట్టేదాన్ని.

ఇంటికొచ్చాక నేనే జరిగింది చెప్పాను. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. అమ్మ మాత్రం వినీ విననట్టు బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది. ఇంట్లో ఏదో ఒక మంచి మాట వినపడాలని, నా సంగతి చెప్పేశాను. అమ్మ ముఖం ఎంత వెలిగిందో. లేచి వచ్చి నా బుగ్గలు పట్టుకుంది.

"ఏడో నెల్లో నానే వొచ్చి తీసుకొచ్చీస్తాను. సలిమిడి సేస్తాను, గాజులేస్తాను. పురుడు నా సేతిమీదుగా..."

మిషను ఆగింది. వదిన సూదిలోంచి దారం తెంపి, తొడుగును తిరగేసి, వేళ్ళు ఒక్కొక్కటే సరిచేసింది. తల మాత్రం ఎత్తలేదు.

"ఏటత్తా, ఆ ఊల్లో ఆసుపత్రి నేదా? మంచం నేదా? మనుసులు నేరా?"

అమ్మ చేతులు నా బుగ్గల మీదే ఉన్నాయి. పడుకున్న నాన్న లేచి కూర్చున్నాడు.

"అది నా కూతురే" అన్నాడు.

"మాయమ్మకి నానూ కూతుర్నే" అంది వదిన. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. అమ్మ మెల్లగా చేతులు తీసుకుంది. కాదు, నా కూతుర్ని తెచ్చుకుంటాను అని అనలేదు. అనడానికి ఆ ఇల్లు ఆమెది కాదు. అంటుందేమోనని నేను ఆమె నోటివైపే చూస్తూ కూర్చున్నాను. పైన రేకులు వేడికి చిటపటమంటున్నాయి.

నేను వదినను అసహ్యించుకున్నాను. దాచడం ఎందుకు. తిరుగు రైల్లో పార్వతీపురం దాకా తిట్టుకుంటూనే ఉన్నాను. నేనేం చేశాను ఆమెకు? బేరం నేర్పిన పాపానికి? ఏడో నెల వచ్చింది, ఎవరూ రాలేదు. అత్తగారు వీధిలో అందరికీ వినపడేలా, పుట్టిల్లు ఉన్న పిల్లేనా ఇది అని అడిగింది. తొమ్మిదో నెలలో నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రి బల్ల మీద పడుకుని, పంటి బిగువున ఆపుకున్నది ఆగక, అమ్మా అని కేక పెట్టాను. ఒకటి కాదు, ఎన్నో. ఆ కేకల మధ్యలో నా తిట్లన్నీ ఎటు పోయాయో పోయాయి. వదిన ఇలాగే పిలిచి ఉంటుంది, అక్కడ ప్లాంటు ఆసుపత్రిలో. ఆమె పిలిచిన మనిషి అప్పటికింకా బతికే ఉంది, ఒక్క రైలు దూరంలో.

పెద్ద నర్సు వచ్చి నా నుదురు తుడిచింది. బయట అత్తగారిని చూసి వచ్చిందేమో, "తొలి కాన్పా? పుట్టిల్లు ఎక్కడమ్మా?" అని అడిగింది.

"భిలాయి" అన్నాను. అమ్మమ్మ ఊరు గుర్తు రాలేదు.

"మరి మీయమ్మ దగ్గరికి ఎల్లకుండా ఈడెందుకు కంటున్నావు?"

"ఏం, ఇక్కడ ఆసుపత్రి లేదా? మంచం లేదా? మనుషులు లేరా?" అన్నాను.

నర్సు పకపకా నవ్వింది. నొప్పుల్లో కూడా ఈ పిల్లకు ఎంత పొగరో చూడండని పక్కనున్న ఆయాతో చెప్పింది.